వీడ్కోలు చెప్పాలంటే ముందు క్లబ్బంటూ ఉండాలిగా!

నలభై ఒక్కేళ్ల ఆడమనిషి ఇంకా నిక్కరేసుకుని బంతి వెనక పరిగెత్తుతోందంటే మనవైపు ఏమంటారో మీకు తెలుసు. "మొగుడూ పిల్లలూ లేరా ఏంది?" అన్నది మొదటి ప్రశ్న. "ఇంట్లోవాళ్లు ఎట్టా ఊరుకున్నారు?" అన్నది రెండోది. కెనడాకు చెందిన క్రిస్టీన్ సింక్లెయిర్ 2024 నవంబరు 1న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో, తన క్లబ్బు మైదానంలో, లీగు చివరి మ్యాచ్ ఆడినప్పుడు ఆమె వయసు సరిగ్గా అంతే. ఆ రోజు కూడా ఒక గోలు కొట్టింది. పన్నెండు సీజన్లు ఒకే క్లబ్బుకి, పోర్ట్‌లాండ్ థోర్న్స్‌కి ఆడి, ఆ క్లబ్బు నుంచే సెలవు తీసుకుంది. తర్వాత తొమ్మిది రోజులకు నాకౌట్ మ్యాచ్‌లో జట్టు ఓడిపోవడంతో ఆమె ఆట ముగిసింది.

దేశం తరఫున ఆమె కొట్టిన గోల్స్ 190. ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లను కలిపి లెక్కేసినా ఇదే రికార్డు. ఫుట్‌బాల్ అనగానే మన ఇళ్లల్లో పిల్లలు చెప్పే ఇద్దరు ముగ్గురు మగ ఆటగాళ్ల పేర్లున్నాయే, వాళ్లెవరూ ఆ అంకె దగ్గరికి రాలేదు. అయినా ఆమె పేరు మనలో ఎంతమంది విన్నాం?

నేను పొదుపు సంఘాల పని మీద నెల్లూరు నుంచి మైపాడు వైపు పాళేలకు తరచూ వెళ్తుంటాను. అక్కడ సాయంత్రాలు అలలు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసక గట్టిగా ఉన్నచోట ఆడపిలకాయలు ఉత్త కాళ్లతో బంతాట ఆడతారు. రెండు కర్రలు పాతితే గోలు. వాళ్లకి ఫోన్లో ఈ సింక్లెయిర్ వీడ్కోలు దృశ్యాలు చూపించి, "చూడండే, ఈమె పన్నెండేళ్లు ఒకటే క్లబ్బులో ఆడింది" అన్నాను. పదో తరగతి చదివే పిల్ల ఒకతె తెల్లమొహం వేసుకుని అడిగింది.

"క్లబ్బంటే ఏంది మేడం? పేకాట క్లబ్బా?"

నవ్వొచ్చింది కానీ, ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? మన ఊళ్లల్లో క్లబ్బంటే నిజంగా అదే కదా! మగవాళ్లు సాయంత్రం పూట చేరి పేకాడుకునే చోటు. కాస్త పెద్ద ఊరైతే ఆఫీసర్ల క్లబ్బు, అందులో షటిల్ కోర్టు. ఆడవాళ్లకి ఉంటే గింటే మహిళా మండలి, అందులో కుట్టు మిషను. ఆడపిల్లకి జీతమిచ్చి, బూట్లిచ్చి, కాలు విరిగితే ఆపరేషను చేయించి, ఏళ్ల తరబడి 'నువ్వు మా మనిషివి' అని చెప్పే క్లబ్బు ఒకటి ఉంటుందని ఆ పిల్లకి ఎవరు చెప్పారు గనక!

అసలు విషయం ఇక్కడుందనిపించింది నాకు. వీడ్కోలు సభలో కన్నీళ్లూ పూలగుత్తులూ అందరికీ కనిపిస్తాయి. కానీ ఒక ఆడమనిషి ఒక సంస్థకి 'వెళ్లొస్తాను' అని చెప్పగలగాలంటే ముందు ఆ సంస్థ ఆమె ఆటకన్నా ఎక్కువ కాలం బతకాలి. అది అమెరికాలోనే మొన్నమొన్నటిదాకా జరగలేదు.

సింక్లెయిర్ సంగతే చూడండి. థోర్న్స్‌ ఆమె మొదటి క్లబ్బు కాదు. అమెరికాలో ఆడవాళ్ల వృత్తి ఫుట్‌బాల్ లీగు మొదటిసారి 2001లో మొదలై 2003లో మూతపడింది. రెండోది 2009లో మొదలైంది. అందులో ఆమె ఆడిన ఎఫ్‌సీ గోల్డ్ ప్రైడ్ అనే జట్టు 2010లో కప్పు గెలిచింది. గెలిచిన కొద్ది వారాలకే ఆ జట్టును ఎత్తేశారు! కప్పు గెలిచిన జట్టుకే దిక్కు లేకపోతే ఓడినవాళ్ల గతేమిటి? మరుసటి ఏడు ఆమె ఇంకో జట్టులో చేరి అక్కడా కప్పు గెలిచింది. ఆ తర్వాత లీగే లేకుండా పోయింది. 2013లో మూడో లీగు పెట్టారు. అది నిలిచింది కాబట్టి ఆమెకి పన్నెండేళ్ల క్లబ్బు దొరికింది. ఆమె విశ్వాసం గురించి అందరూ మెచ్చుకుంటూ రాశారు. మెచ్చుకోవాల్సిందే. కానీ అంతకు ముందు పదేళ్లలో ఆమెకి విశ్వాసంగా ఉండే అవకాశం ఎవరిచ్చారు?

ఆ మూడో లీగు కూడా పట్టు పరుపుల మీద పుట్టలేదు. 2013లో అందులో కనీస జీతం ఏడాదికి 6 వేల డాలర్లు. అమెరికా ఖర్చులకి అది గది అద్దెకి కూడా చాలదు. జాతీయ జట్టు తారలకి వాళ్ల సమాఖ్యలు జీతమిచ్చాయి. మిగిలిన అమ్మాయిలు చాలామంది అభిమానుల ఇళ్లలో ఒక గది తీసుకుని ఉండేవాళ్లు. మన పాతకాలపు వారాలబ్బాయిల్లాగా అనుకోండి. ఒక్క పోర్ట్‌లాండ్‌లో మాత్రం మొదటి ఏడాదే సగటున 13 వేల మందికి పైగా టికెట్టు కొనుక్కుని వచ్చారు. సింక్లెయిర్ అదే నగరంలో యూనివర్సిటీలో చదువుకుంటూ రెండుసార్లు కాలేజీల జాతీయ కప్పు గెలిపించిన మనిషి. ఊరికి ఆమె తెలుసు, ఆమెకి ఊరు తెలుసు.

అయితే ఈ క్లబ్బు కథ అంతా పూలబాట అని రాస్తే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. పుట్టిల్లు అని మనం అనుకునే ప్రతి ఇంట్లోనూ ఒక చీకటి గది ఉంటుందంటారే, అట్టాంటిది థోర్న్స్‌ క్లబ్బులోనూ ఉంది. 2014, 2015లలో ఆ జట్టుకి పాల్ రైలీ అనే శిక్షకుడు ఉండేవాడు. అతని లైంగిక వేధింపుల గురించి మానా షిమ్ అనే క్రీడాకారిణి 2015లోనే క్లబ్బుకి ఫిర్యాదు చేసింది. క్లబ్బు ఏం చేసింది? అతన్ని చప్పుడు కాకుండా పంపించేసి, పైకి మాత్రం 'చేసిన సేవకు కృతజ్ఞతలు' అని ప్రకటించింది. అతను వేరే జట్టుకి వెళ్లి హాయిగా ఉద్యోగం చేసుకున్నాడు. చూశారా, వేధించినవాడికి గౌరవంగా వీడ్కోలు దక్కింది!

2021 సెప్టెంబరులో మానా షిమ్, సినేడ్ ఫారెలీ అనే ఇద్దరూ పేర్లు దాచుకోకుండా పత్రికకి చెప్పేదాకా విషయం బయటికి రాలేదు. ఆరోపణల్లో చాలావాటిని రైలీ కాదన్నాడు. కానీ అతని ఉద్యోగం పోయింది, లీగు కమిషనరు రాజీనామా చేసింది. అక్టోబరు 6న లీగులోని మ్యాచ్‌లన్నింటిలో ఆరో నిమిషం రాగానే ఆటగత్తెలు ఆట ఆపి, మైదానం మధ్యలో చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఫిర్యాదు చేసి ఆరేళ్లయింది, అందుకని ఆరో నిమిషం. 2022లో స్వతంత్ర విచారణ నివేదిక వచ్చింది, 2023 జనవరిలో రైలీని లీగు జీవితకాలం నిషేధించింది. థోర్న్స్‌ యజమాని క్లబ్బును అమ్ముకోవాల్సి వచ్చింది. 2024 జనవరిలో దాన్ని కొన్నది భారత సంతతికి చెందిన భతల్ కుటుంబం. ధర 6 కోట్ల 30 లక్షల డాలర్లు.

అంటే సింక్లెయిర్ సెలవు తీసుకున్న క్లబ్బు, ఆమె చేరిన నాటి క్లబ్బూ ఒకటే పేరు, ఒకటే మైదానం కావచ్చు, లోపల మాత్రం చాలా మారింది. మార్చింది యజమానుల మంచితనం కాదు, ఆటగత్తెల సంఘం. ఈ ముక్క మన పత్రికల క్రీడా పేజీల్లో ఎక్కడా కనపడదు, అందుకే ఇంత వివరంగా రాశాను.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ ఆటగత్తె క్లబ్బుకి వీడ్కోలు చెప్పడం అరుదు. క్లబ్బే ఆమెకి వీడ్కోలు చెబుతుంది. 2023 మార్చి 3న బెంగళూరులో కేరళ బ్లాస్టర్స్ మగ జట్టు, ప్రత్యర్థి కొట్టిన గోలు న్యాయంగా లేదని అలిగి మ్యాచ్ మధ్యలో మైదానం విడిచి వెళ్లిపోయింది. సమాఖ్య 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జూన్‌లో ఆ క్లబ్బు ఏం ప్రకటించిందో తెలుసా? జరిమానా భారం వల్ల తమ మహిళల జట్టును తాత్కాలికంగా ఆపేస్తున్నామని! ఆ జట్టు పెట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అలిగింది అన్నలు, బడి మానిపించింది చెల్లెలికి. మన ఇళ్లల్లో ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట ఎవరి ఫీజు ఆగుతుందో, క్లబ్బుల్లోనూ అదే.

మన ఆడవాళ్ల లీగు, ఇండియన్ విమెన్స్ లీగు, 2016-17లో మొదలైంది. మొదటి ఏళ్లల్లో అన్ని జట్లనూ ఒకచోట చేర్చి కొద్ది వారాల్లో ముగించేవాళ్లు. సొంత ఊళ్లో ఒక మ్యాచ్, ఎదుటివాళ్ల ఊళ్లో ఒక మ్యాచ్ అనే పద్ధతి 2023-24లోగానీ రాలేదు. సొంత ఊళ్లో ఆడని జట్టుకి అభిమానులెక్కణ్ణించి వస్తారు? ఎవరి ముందు నిలబడి సెలవు తీసుకుంటుంది ఆ అమ్మాయి? 2023లోనే సమాఖ్య, పెద్ద లీగులోని ఒక్కో జట్టు కనీసం పది మందికి ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకి తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని ప్రకటించింది. నెలకి 27 వేలు కూడా లేదు. చిన్నదే, కానీ చేతికి రాతపూర్వకంగా వచ్చే మొదటి అంకె అది.

2024-25 వరకు ఈ కప్పు గెలిచిన జట్లు మణిపూర్‌వి, ఒడిశావి, మదురైవి, కేరళవి, కలకత్తావి. ఒక్క తెలుగు జట్టు లేదు. తెలుగు అమ్మాయి లేదా అంటే, ఉంది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2025లో దేశంలోనే ఆ సీజను ఉత్తమ క్రీడాకారిణిగా సమాఖ్య అవార్డు అందుకుంది. ఆ పిల్ల ఆడిన చోట్లు చూడండి. ముంబయి, కేరళ, క్రొయేషియాలోని జాగ్రెబ్, కలకత్తా. 2024-25లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ కప్పు గెలిచిన జట్టులో ఉంది. తెలుగునాట తప్ప అన్నిచోట్లా ఆడింది. మన తెలుగు రాష్ట్రాలకి ఆమె ఏ క్లబ్బు చొక్కా విప్పి వీడ్కోలు చెప్పాలి? చెప్పడానికి ఏం ఇచ్చాం మనం?

క్రికెట్టు అంటే పిచ్చి ఉన్న మన దగ్గర ఆ ఆటలోనే ఆడవాళ్లకి సెలవు సరిగా దొరకలేదు. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ ఇరవై రెండేళ్లకు పైగా దేశానికి ఆడి, 2022 జూన్ 8న ఒక లేఖ పెట్టి వెళ్లిపోయింది. అప్పటికి ఆమె ఆఖరి మ్యాచ్ ఎప్పుడో మార్చిలో అయిపోయింది, అదే ఆఖరిదని స్టేడియంలో ఎవరికీ తెలియదు. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచాక మిథాలీనీ, ఝులన్ గోస్వామినీ మైదానంలోకి పిలిచి కప్పు వాళ్ల చేతికిచ్చారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది. పెద్దల్ని గుర్తుపెట్టుకోవడం పిల్లలకి చేతనయింది, బోర్డుకి మూడేళ్ల ముందు ఎందుకు చేతకాలేదో!

మా తీరం సంగతి చెబుతాను. ఇక్కడ ఆటకి వీడ్కోలు పదో తరగతిలోనే అవుతుంది, ఎవరూ చెప్పకుండానే. పరీక్షలు దగ్గరపడగానే ఆట ఆగుతుంది. తర్వాత కొందరు ఇంటర్‌కి టౌను హాస్టల్‌కి పోతారు, అక్కడ సాయంత్రం ఆరు గంటలకి గేటు మూస్తారు. కొందరు రొయ్యల ఫ్యాక్టరీకి పోతారు. తెల్లవారుజామునే ఫ్యాక్టరీ బస్సు ఊళ్లోకొచ్చి ఆడపిల్లల్ని ఎక్కించుకుని పోతుంది. కొందరికి పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసు ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం సగటు 23. మన ఆడపిల్లకి తెలిసిన వీడ్కోలు ఒక్క అప్పగింతలే. అందులో ఏడవడం ఆమె వంతు, తేదీ నిర్ణయించడం వేరేవాళ్ల వంతు.

తల్లుల్ని తప్పు పట్టలేను. ఒకామె, చేపల గంప దించి కూర్చుంటూ అడిగింది. "ఆడితే ఏమొస్తదమ్మా? రొయ్యల్లో అయితే నెల తిరిగేసరికి డబ్బులొస్తయి. పైగా బస్సులో అందరూ ఆడోళ్లే, భయం లేదు. ఆటకి యాడికి పోతుందో, ఎవరితో పోతుందో నాకేం తెలుసు?" ఈ మూడు మాటల్లో జీతం, ప్రయాణం, భద్రత మూడూ ఉన్నాయి. పోర్ట్‌లాండ్ ఆటగత్తెల సంఘం పోరాడింది కూడా సరిగ్గా వీటికోసమే. చేపలమ్ముకునే మనిషి అడిగే ప్రశ్నకీ, వాళ్ల డిమాండ్లకీ తేడా నాకైతే కనిపించలేదు.

'మత్స్యకారుల పిల్లలకి ఫుట్‌బాలేంటి' అనేవాళ్లు మాత్రం ఒకసారి ఇదే తీరం వెంబడి దక్షిణంగా కడలూరు దాకా చూడాలి. 2004 డిసెంబరు 26 సునామీ మా తీరాన్నీ తాకింది, కడలూరును ఇంకా ఘోరంగా దెబ్బకొట్టింది. అక్కడ తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని ప్రభుత్వ వసతి గృహంలో చేరిన ఆడపిల్లలకి మారియప్పన్ అనే శిక్షకుడు ఫుట్‌బాల్ నేర్పాడు. ఆ ఊరి నుంచి దేశం జట్టుకే ఆడపిల్లలు వెళ్లారు. కడలూరు అమ్మాయి ఇందుమతి కదిరేశన్ భారత జట్టు మధ్య వరుసలో ఆడింది, తమిళనాడు పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరు అయింది. అదే సముద్రం, అవే వలలు, అదే సునామీ. తేడా ఒక శిక్షకుడు, ఒక మైదానం, ఆట తర్వాత ఒక ఉద్యోగం. నెల్లూరుకి విజయవాడ కన్నా చెన్నై దగ్గర, సినిమాకీ ఆస్పత్రికీ అటే పోతాం కదా, ఈ ఒక్కటి ఎందుకు తెచ్చుకోలేకపోయాం?

మన ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచిదే. కానీ కోటా అందాలంటే పిల్ల ఇరవై రెండేళ్లదాకా ఆటలో ఉండాలి. పదహారుకే మానేసిన పిల్లకి మూడు శాతమైనా ముప్ఫై శాతమైనా ఒకటే.

పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక ఆడనిస్తారా అన్న ప్రశ్న కూడా వస్తుంది. దానికి ప్రపంచ సమాఖ్య ఫిఫా 2021 జనవరి 1 నుంచి నిబంధన పెట్టింది. ఆటగత్తెకి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, మూడింట రెండొంతుల జీతం ఇవ్వాలి. గర్భం దాల్చిందని కాంట్రాక్టు రద్దు చేయకూడదు. ఐస్‌లాండ్ కెప్టెన్ సారా గున్నార్స్‌దొత్తిర్ గర్భిణిగా ఉన్నప్పుడు ఫ్రాన్సులోని లియాన్ క్లబ్బు పూర్తి జీతం ఇవ్వలేదు. ఆమె ఫిఫాకి వెళ్లి 2022లో గెలిచింది, 82 వేల యూరోలకి పైగా రాబట్టుకుంది. తర్వాత ఆ క్లబ్బుకి సెలవు చెప్పి ఇటలీకి వెళ్లి ఆడింది. చేతిలో కాంట్రాక్టు కాగితం ఉంది కాబట్టి అడగగలిగింది. మన దగ్గర ముందు ఆ కాగితం రావాలి.

ఈ జిల్లా ఆడవాళ్లకి అడగడం కొత్త కాదు. 1992లో దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. వేలం పాటలే ఆపించినవాళ్లకి సాయంత్రం గంటన్నర జాగా అడగడం ఒక లెక్కా అనుకున్నాను. లెక్కే అయింది! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే, పిల్లలు ఆడే ఇసకంతా పడవలూ వలలే. ఇక మిగిలింది తుపాను షెల్టరు వెనక ఖాళీ స్థలం. అక్కడ మగవాళ్లు చేరి వలలు బాగుచేసుకుంటారు, పేకాడుకుంటారు. సంఘం ఆడవాళ్లు పెద్దకాపుల దగ్గరికి వెళ్లి, సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా ఆ స్థలం ఆడపిలకాయలకి వదిలిపెట్టమన్నారు. రెండు వారాలు వాదోపవాదాలు జరిగాయి. చివరికి సోమవారం నుంచి శనివారం దాకా ఒప్పుకున్నారు. ఒక తల్లి రోజూ అక్కడ కూర్చునేట్టు వంతులు వేసుకున్నారు. టౌను నుంచి ఒక డ్రిల్లు మేడం వారానికి రెండు రోజులు వస్తానంది, ఆటో ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. ఆదివారం సంగతి మాత్రం ఇంకా తేలలేదు.